పొగ లేని ఇల్లు

1982

జనవరి 4

ఎరువుల కొట్టువాళ్ళు ఈ డైరీని ఆయనకి ఇచ్చారు. ఆయన నాకు ఇచ్చారు. ప్రతి పేజీ అడుగునా రైతులకి ఒక సలహా అచ్చువేశారు. ఈ రోజుది మిరపతోట గురించి. పిల్లల తల్లికి సలహా ఏ పేజీలోనైనా ఉందేమోనని చివరిదాకా తిప్పి చూశాను. లేదు.

పదో తరగతి పాసయ్యాక నేను రాసినవన్నీ పుట్టింటికి ఉత్తరాలే. వాటిలో అందరం క్షేమమే. ఇక్కడ అలా రాయక్కర్లేదు కదా. బుల్లిబాబుకి నాలుగు రోజులుగా పిల్లికూతలు. ఏడాది నిండి నెల కాలేదు, ఊపిరి తీసినప్పుడల్లా డొక్కలు లోపలికి పోతున్నాయి. వాడిని భుజాన వేసుకుని తిరుగుతూ ఇది రాస్తున్నాను, అందుకే అక్షరాలు ఇలా ఉన్నాయి.

జనవరి 6

జగ్గయ్యపేట తీసుకెళ్ళాం. డాక్టరు జగన్నాథరావు గారు గొట్టం పెట్టి చూసి, "ఇంట్లో పొగ ఉంటుందామ్మా?" అన్నారు. పొగ లేని ఇల్లు ఎక్కడుంటుందండీ అన్నాను. ఆయన నవ్వలేదు.

"పొయ్యి ఎంతసేపు మండుద్ది?"

"పొద్దున, సాయంత్రం అండి. దాలి మాత్రం పగలంతా ఉంటుందండి."

"పిల్లాణ్ణి పొగకి దూరంగా పెట్టండి. చలికీ వానకీ కూడా ఎక్కువయిద్ది. పెద్దయ్యే కొద్దీ పోవచ్చు, పోకపోనూవచ్చు. పొగ మాత్రం మీ చేతిలో పని."

నా చేతిలో పని అనడం డాక్టరు గారికి తేలిగ్గానే ఉంటుంది. దాలి అత్తయ్య ప్రాణం. వసారా మూల గుంటలో పిడకలు పేర్చి, నిప్పేసి, పైన ఊక కప్పి పాలకుండ పెడుతుంది. తెల్లవారి పెట్టిన పాలు మధ్యాహ్నానికి ఎర్రగా కాగి, వేలెడు మందాన మీగడ కడతాయి. ఊళ్ళో ఎవరింట్లో బాలింత ఉన్నా ఆ పాలకోసం గిన్నె పంపుతారు. మా ఇద్దరు పిల్లలూ ఆ పాలతోనే పెరుగుతున్నారు. ఆ దాలికి ఆరడుగుల దూరంలో బుల్లిబాబు ఉయ్యాల. ఇన్నాళ్ళూ ఆ పొగ దోమలు రాకుండా మంచిదనుకున్నాం.

జనవరి 23

నందిగామలో ఆడవాళ్ళకి క్లాసు పెట్టారంటే వెళ్ళాను. గ్రామసేవిక కృపావతి గారు చెప్పింది. మనిషి పొట్టి, గొంతు మైకు అక్కర్లేనిది. "మీ పొయ్యి ఏడాదికి ఎన్ని చెట్లు తింటదో ఎవరన్నా లెక్కేశారా?" అని అడిగింది. పరిటాల నుంచి వచ్చినావిడ లేచి, "మా పొయ్యి చెట్లే తింటదండీ, మా ఆయన నా బుర్ర తింటాడు" అంది. అందరం నవ్వాం. కృపావతి గారు కూడా నవ్వి, తరవాత గోబర్ గ్యాస్ బొమ్మ చూపించింది. గుంటలో పేడనీళ్ళు, పైన బోర్లించిన ఇనప డ్రమ్ము, దాన్నుంచి వంటింటికి గొట్టం. కట్టె అక్కర్లేదు, పొగ రాదు, మిగిలిన మడ్డి పొలానికి ఎరువు.

బస్సులో లెక్కేశాను. ఏడాదికి ఆరు బళ్ళ కట్టె, పత్తికట్టె కాక, పిడకలు కాక. నేను కాపరానికి వచ్చినప్పుడు గుట్ట మీద తుమ్మలు ఇంటికే కనపడేవి. ఇప్పుడు మా పాలేరు ప్రేమదాసు తెల్లవారి బండి కడితే దీపాల వేళకి కట్టె తెస్తున్నాడు. నా పిల్లలు పెద్దయ్యేసరికి ఏం తగలేసి వండుకుంటారో తెలియదు. నా వంటకి గుట్టా, బుల్లిబాబు ఊపిరీ రెండూ ఖర్చవుతున్నాయనిపించింది.

జనవరి 24

ఆయనతో చెప్పాను. "చూద్దాం" అన్నారు. ఆయన చూద్దాం అంటే సగం ఒప్పుకున్నట్టే.

ఫిబ్రవరి 11

గోబర్ గ్యాస్ సూపర్‌వైజరు వరప్రసాదరావు గారు వచ్చి దొడ్లో గుంటకి ముగ్గు పోసి వెళ్ళాడు. గొడ్లచావిడి కిందిపక్క గుంట. చావిడి నేల వాలుగా గచ్చు చేసి, గొడ్ల కింద కడిగిన నీళ్ళు కూడా పేడ కలిపే తొట్టిలోకి పోయేటట్టు చేస్తారు. నాలుగు గేదెలు, రెండు ఎడ్లు. పేడ సరిపోతుంది, ఒక్క గంప కూడా పక్కకి పోకూడదన్నాడు.

అత్తయ్య వింటూనే ఉంది. "మరి నా పిడకలు?" అంది.

ఆయన, "రోజుకి రెండు గంపలు నీకు వదుల్తాలేమ్మా" అన్నారు.

"గుట్ట గురించి మీ క్లాసులో చెప్పారంట. నా దాలి ఏ చెట్టు తింటందే ప్రమీలా? పేడ కాల్తంది. బూడిదతో గిన్నెలు తోముతన్నాం. మిగిలింది పాదులకి వేస్తన్నాం. ఇంకేం మిగిల్చానని?"

నిజమే. పిల్లల స్నానం నీళ్ళు ఎండలో గంగాళం పెట్టి కాచమని నేను క్లాసులో నేర్చుకుని వస్తే, అదీ ఆవిడ పుట్టినప్పటినుంచీ చేస్తున్న పనే. "పిల్లాడి కోసం అత్తయ్యా" అన్నాను. పిల్లాడి మాటెత్తితే ఆవిడ ఇంక మాట్లాడదు. అది తెలిసే అన్నాను. ఉయ్యాలని మాత్రం మధ్యగదిలోకి మార్చాం.

ఏప్రిల్ 8

వెలిగింది!

ఇరవై రోజులు గుంట నింపుతూ కూర్చున్నాం. పొద్దున్నే డ్రమ్ము మూరెడు లేచి ఉంది. వరప్రసాదరావు గారు స్టవ్వు తిప్పి అగ్గిపుల్ల గీశాడు. నీలం మంట. చప్పుడు లేదు, మసి లేదు. మా పెద్దపిల్ల భారతి చప్పట్లు కొట్టింది. ఐదేళ్ళ పిల్ల, తాటాకు బుట్ట బోర్లించి అప్పుడే గ్యాసు ఆట మొదలుపెట్టింది. నేను టీ పెట్టి అందరికంటే ముందు అత్తయ్యకి ఇచ్చాను. తాగి, "పేడ వాసనేం రాలేదే" అంది. ఆవిడ నోటినుంచి అది పెద్ద మెప్పు.

వెళ్తూ వరప్రసాదరావు గారు ప్రేమదాసుకి జాగ్రత్తలు చెప్పాడు. పేడా నీళ్ళూ సమానం. గడ్డిపోచలు ఏరేయాలి. సబ్బునీళ్ళు, ఫినాయిలు, పురుగుమందులు తొట్టిలోకి ఒక్క చుక్క పోకూడదు. లోపల పేడని పులియబెట్టే సూక్ష్మజీవులు చస్తాయి, గ్యాసు ఆగిపోతుంది. నేను గుమ్మంలో నిలబడి విన్నాను.

మే 20

పొద్దున లేస్తూనే డ్రమ్ము వంక చూడడం అలవాటైంది. పూర్వం సూర్యుడికి దణ్ణం పెట్టేదాన్ని. బుల్లిబాబు నెలరోజులుగా పిల్లికూతలు కూయలేదు. నడుస్తున్నాడు, పడుతున్నాడు, నాన్నమ్మ చీర పట్టుకుని లేస్తున్నాడు. ఆవిడ దాలి దగ్గరకి వెళ్ళినప్పుడు మాత్రం వాణ్ణి నాకిచ్చి వెళ్తుంది. కట్టెల బండి నెలన్నరగా కట్టలేదు.

సుఖంగా ఉంది. రాయడానికి ఏమీ తోచలేదు.

జులై 9

కృపావతి గారు రేకు బోర్డు తెచ్చి గేటుకి కొట్టించింది. నీలం మీద తెల్ల అక్షరాలు. "పొగ లేని ఇల్లు." దాని పక్కనే వసారాలో దాలి పొగ తీగలాగా లేస్తోంది. ఆవిడ చూసి, "ఇది కూడా ఆర్పేస్తే..." అంది. అత్తయ్య వినబడనట్టు లోపలికి వెళ్ళింది.

జులై 28

వచ్చే మంగళవారం నందిగామ నుంచి ఆఫీసర్లూ, పది ఊళ్ళ ఆడవాళ్ళూ మా గ్యాసు చూడ్డానికి వస్తున్నారట. ఫోటో కూడా తీస్తారట. నన్ను రెండు ముక్కలు మాట్లాడమన్నారు. ఆయన కంటే నాకే ఎక్కువ సంబరంగా ఉంది. ఒప్పుకోవడానికి సిగ్గెందుకు?

ఆగస్టు 2

రేపే వస్తారు. చావిడి దగ్గర జోరీగలు, వాసన. వానకి నేలంతా చిత్తడి. పదిమంది ఆడవాళ్ళు ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుంటే నా పరువేం కాను? ప్రేమదాసు పొలం వెళ్ళాడు. బీరువా కింద రెండు ఫినాయిలు సీసాలున్నాయి. బకెట్టు నీళ్ళలో కలిపి చావిడంతా పోసి చీపురుతో కడిగాను. తెల్లగా, ఆసుపత్రిలా తయారైంది. చివర్న గుర్తొచ్చి తొట్టిలోకి పోయే కాలవ మూత చూశాను. మూత తీసే ఉంది. నీళ్ళు అప్పటికే పోయాయి. మళ్ళీ నాలుగు బిందెల మంచినీళ్ళు పోశాను. అంత పెద్ద గుంటలో రెండు సీసాలు ఏమవుతాయి. ఏమీ కాదు.

ఆగస్టు 3

అంతా బాగా జరిగింది. చావిడి ఎంత శుభ్రంగా ఉందో అని ఆఫీసరు గారు ప్రత్యేకంగా అన్నారు. వచ్చినవాళ్ళందరికీ గ్యాసు మీద కాఫీ కాచి ఇచ్చాను. చెప్పమన్న రెండు ముక్కలూ చెప్పాను. "మా అబ్బాయి ఊపిరి కోసం పెట్టుకున్నాం" అన్నప్పుడు వెనక వరసలో ఒకావిడ కళ్ళు తుడుచుకుంది.

ఆగస్టు 4

ప్రేమదాసు పేడ కలుపుతూ, "అమ్మగారండీ, తొట్టి కాడ ఆసుపత్రి వాసనొస్తందండీ" అన్నాడు. గచ్చు వాసనలే అన్నాను. వాడు నా ముఖం వంక చూసి, మళ్ళీ పని చేసుకున్నాడు.

ఆగస్టు 11

డ్రమ్ము సగం కూడా లేవలేదు. మబ్బు వల్ల. ఎండ లేకపోతే తగ్గుతుందని చెప్పారుగా.

ఆగస్టు 12

మబ్బు వల్లే.

ఆగస్టు 13

అన్నం ఉడక్కుండానే మంట పోయింది. వరప్రసాదరావు గారిని పిలిపించారు. మడ్డి వాసన చూసి, కర్రతో కలిపి, "తొట్టిలోకి మందేమన్నా పోయిందాండీ? ఫినాయిలు, సబ్బు, అట్టాంటివి?" అన్నాడు.

ఆయన నా వంక చూశారు. అనుమానంతో కాదు, ఇంటి సంగతి నాకే తెలుస్తుందని. నేను లేదన్నాను. అడిగీ అడగకముందే లేదన్నాను. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టే ఉంది, ఎవరూ గమనించలేదు. ప్రేమదాసు తల దించుకుని పలుగు కడుక్కుంటున్నాడు.

"అయితే పేడ చాలట్లేదు. గొడ్లు ఆరున్నాయి, అంతా ఇందులోకే వస్తందా?" అన్నాడు సూపర్‌వైజరు.

అప్పుడు ఆయన తల తిప్పి వసారా వైపు చూశారు. గోడకి వరసగా పిడకలు. వానకి తడవకుండా అత్తయ్య వాటిమీద గోనెపట్టా కప్పింది. రెండు గంపలని ఒప్పుకుంది కానీ, ఈమధ్య మూడో గంప కూడా తీస్తోంది. అది నిజమే. నాకూ తెలుసు. దానివల్ల కూడా కొంత తగ్గి ఉండవచ్చు కదా.

ఆగస్టు 14

చెప్పలేదు. రేపు చెప్తాను.

ఆగస్టు 22

వినాయక చవితి. ఉండ్రాళ్ళు కట్టెపొయ్యి మీద. ఐదు నెలలు కట్టె ఎండబెట్టుకోలేదు కనక అంతా పచ్చి. ఊదీ ఊదీ నా కళ్ళు మిరపకాయలయ్యాయి. వాన వల్ల తలుపులు వేసే ఉన్నాయి. గేటు దగ్గర బోర్డు తీసేయమన్నాను. ఆయన, "వారంలో గ్యాసు మళ్ళీ వస్తదిలే, ఎందుకు తీయడం" అన్నారు.

సెప్టెంబరు 1

మధ్యాహ్నం అన్నం వార్చి తిరిగి చూస్తే బుల్లిబాబు గడప దగ్గర కూర్చుని ఉన్నాడు. ఏడవడంలేదు. ఏడవడానికి కూడా ఊపిరి చాలడంలేదు. పెదాలు నేరేడుపండు రంగు. ఎత్తుకుని రోడ్డుకి పరిగెత్తాను. నా వెనక ఆయన, ఆ వెనక చెప్పుల్లేకుండా అత్తయ్య. బస్సు లేదు. గరికపాడు వైపు పోయే లారీ ఆపితే ఆ డ్రైవరు పుణ్యాత్ముడు క్లీనర్ని వెనక్కి పంపి మమ్మల్ని ముందు కూర్చోబెట్టుకున్నాడు. చిల్లకల్లులో దిగి జగ్గయ్యపేటకి రిక్షా. దారిపొడుగునా అత్తయ్య వాడి అరికాళ్ళు రుద్దుతూనే ఉంది.

రెండు ఇంజక్షన్లు చేశాక రంగు వచ్చింది. డాక్టరు గారు నన్నే అడిగారు, "మళ్ళీ పొగేనా?" అని. ఆయన అందుకుని, "గ్యాసు ఆగిపోయిందండీ. పేడంతా మా అమ్మ దాలికి తీస్తంది" అన్నారు. అత్తయ్య అక్కడే ఉంది, వాడి కాళ్ళు పట్టుకుని.

అప్పుడు చెప్పి ఉండాల్సింది. అంతకంటే మంచి సమయం ఉండదు. నోరు తెరిచాను. "మందులు ఎన్నాళ్ళు వాడాలండీ" అని అడిగాను.

సెప్టెంబరు 3

ఇంటికొచ్చాం. దిగీ దిగగానే ఆయన వీధి వినేట్టు అరిచారు. పదేళ్ళ కాపరంలో అంత గొంతు నేను వినలేదు.

"నీ మీగడ కోసం నా కొడుకుని మింగుతావా అమ్మా? రెండు గంపలంటే మూడు తీస్తావా? చావనీ, అందరం పొగలోనే చద్దాం!"

ఎదురింటివాళ్ళు అరుగుల మీదకి వచ్చారు. అత్తయ్య బావి దగ్గరకి వెళ్ళింది. బిందెడు నీళ్ళు తెచ్చి దాలిగుంటలో పోసింది. బుసబుసమని ఆవిరి లేచి వసారా నిండింది. ముప్ఫై ఏళ్ళుగా ఆరని నిప్పు. పాలకుండ తీసుకెళ్ళి బావి దగ్గర బోర్లించింది. పాలు పారబోయలేదు, గిన్నెలోకి వంచి, "భారతికి పెట్టు" అని నా చేతికిచ్చింది. ఆ గిన్నె వెచ్చగా ఉంది.

సెప్టెంబరు 4

నా తప్పు ఎంత? రెండు సీసాలు. ఆవిడ తప్పు ఎంత? రోజుకో గంప. ఏది ఎక్కువో ఎవరు చెప్పగలరు. వరప్రసాదరావు గారే చెప్పలేకపోయారు.

సెప్టెంబరు 8

అత్తయ్య రెడ్డిగూడెం వెళ్ళింది, ఆడపడుచు కమలాకుమారి వదిన ఇంటికి. కొన్నాళ్ళు ఉండి వస్తానంది. బస్సెక్కేముందు బుల్లిబాబు చేతులు చాచాడు. ఎత్తుకోలేదు. "నా గుడ్డల నిండా పొగే" అంది.

అత్త లేని కోడలు ఉత్తమురాలంటారు. ఇల్లు నాకు చాలా పెద్దదైపోయింది.

అక్టోబరు 6

గుంట మొత్తం తోడించారు. మడ్డి పొలానికి తోలి, కొత్త పేడతో మళ్ళీ నింపుతున్నారు. పక్క ఇళ్ళ పేడ కూడా అడిగి తెస్తున్నారు. ప్రేమదాసు నడుములదాకా దిగి తోడాడు. సాయంత్రం వాడికి అన్నం పెడుతూ, "దాసూ, నువ్వు ఆరోజు..." అన్నాను.

"మీరు చెప్పకుండా నేనెట్టా చెప్తానండీ" అన్నాడు. అన్నం కలుపుకుంటూనే అన్నాడు. నేను పప్పు వడ్డించి లోపలికి వచ్చేశాను.

అక్టోబరు 29

మంట వచ్చింది, అదే నీలం రంగు. ఆయన ఎంత సంతోషించారో. "చూశావా, దాలి ఆరింది, గ్యాసు లేచింది" అన్నారు. బుల్లిబాబు కూడా నయంగా ఉన్నాడు. వానలు వెనకబడ్డాయి కదా, మందులూ పడుతున్నాయి. కానీ ఊరంతా ఆయన మాటే అంటోంది. ముసలమ్మ వెళ్ళింది, పిల్లాడికి నయమైంది. కొత్త పేడ వేసినందువల్ల గ్యాసు వచ్చిందని నేను ఒక్కదాన్నే అనుకుంటున్నాను. లోలోపలే.

నవంబరు 15

దీపావళి. టపాకాయలు వద్దన్నాను, మతాబులు కూడా. భారతి గుక్కపెట్టి ఏడ్చింది. "తమ్ముడుంటే ఏవీ కొనరు" అంది. నూనె దీపాలు ఒత్తులు చిన్నవిగా చేసి పెట్టాను. వీధి అంతా పొగే. తలుపులు బిగించుకుని నలుగురం మధ్యగదిలో కూర్చున్నాం. మా ఇంటి పొగ తగ్గించగలిగాను, ఊరి పొగని ఏం చేస్తాను? ఇంత చేసి ఏం మిగిలిందని ఏడుపొచ్చింది. కాసేపు ఏడ్చాను కూడా.

డిసెంబరు 2

అత్తయ్య వచ్చింది. ఆయనే వెళ్ళి తీసుకొచ్చారు. చిక్కిపోయింది. వసారాలో దాలిగుంటని మట్టితో పూడ్చి అలికేసి ఉండడం చూసింది. తెచ్చుకున్న నాలుగు చీరలూ మళ్ళీ ఉతికి ఆరేసింది. ఆరిన తరవాతే బుల్లిబాబుని ఒళ్ళోకి తీసుకుంది. వాడు ఆవిడ గాజులు లెక్కపెడుతున్నట్టు ఒక్కొక్కటీ జరుపుతూ చాలాసేపు కూర్చున్నాడు.

డిసెంబరు 6

చలి. వాడికి మళ్ళీ పిల్లికూతలు. పెద్దగా కాదు. మందు వేస్తే సాయంత్రానికి తగ్గింది. చలికి ఎక్కువవుతుందని డాక్టరు గారు మొదటిరోజే చెప్పారు, ఈ డైరీలోనే ఉంది, మళ్ళీ తీసి చూసుకున్నాను.

అత్తయ్య మాత్రం వాణ్ణి నా చేతికిచ్చి వసారా చివరికి వెళ్ళి కూర్చుంది. "మూడునెల్లు బాగున్నాడంటనే. నేనొచ్చి నాలుగు రోజులు కాలేదు. ముప్ఫై ఏళ్ళ పొగ, ఒంట్లో పట్టింది పోయిద్దా?" అంది. కాదండీ, చలి అండీ అన్నాను. వినలేదు.

డిసెంబరు 9

ఆయనతో చెప్పాను. పొలం గట్టు మీద, అన్నం తీసుకెళ్ళినప్పుడు. ఆగస్టు రెండో తారీఖు నుంచి మొత్తం చెప్పాను. సీసాలు, మూత, బిందెలు, నేను లేదన్నది.

ఆయన ముద్ద చేతిలో పట్టుకుని కూర్చున్నారు. "మరి అప్పుడే చెప్పకపోయావా?" అన్నారు.

"భయమేసింది."

"నేనేమన్నా కొడతానా?"

కొట్టరు. అది నాకు తెలుసు. పదిమందిలో మెచ్చుకున్న మర్నాడే పాడుచేశానని చెప్పడానికి భయపడ్డాను. అంతే. ఇన్ని నెలలు తిప్పితిప్పి రాసింది దీన్ని రాయకుండా ఉండడానికే.

"అత్తయ్యకి మీరు చెప్పండి" అన్నాను.

ఆయన చెయ్యి కడుక్కున్నారు. "వీధిలో నిలబెట్టి అన్నాన్నేను. కొడుకుని మింగుతావా అన్నా. ఇప్పుడు కాదంట అని ఎట్టా చెప్పను? అయిపోయింది ప్రమీలా. గ్యాసు వస్తంది, పిల్లాడు బాగుంటన్నాడు. వదిలెయ్" అన్నారు. ఆయన్ని తప్పుపట్టే మొహం నాకెక్కడిది? నాలుగు నెలలు నేను చేసిన పనే ఆయన ఇప్పుడు మొదలుపెట్టారు.

డిసెంబరు 14

నేనే చెప్పాను. అత్తయ్య కందులు చెరుగుతోంది. కింద కూర్చుని, కాళ్ళు పట్టుకుని చెప్పాను. గ్యాసు చచ్చింది నావల్ల, మీ పేడ వల్ల కాదు, పచ్చికట్టె పొగ పెట్టింది నేను, వాడికి ఆ రోజు అలా అయింది నావల్ల అన్నాను.

చేట పక్కన పెట్టి నా తల నిమిరింది. "పిచ్చిదానా" అంది. "నా మీద మాట పోగొట్టాలని నీమీద ఏసుకుంటన్నావా?"

"కాదండీ, నిజం. ఫినాయిలు నేనే పోశా."

"శుభ్రం కోసం పోసుంటావులే. రెండు సీసాలకి అంత గుంట చచ్చిద్దా? ముప్ఫై గంపలు, అరవై గంపలు తీసింది నేను. నాకు తెలీదా నేను తీసింది?"

ఎంత చెప్పినా అంతే. సాయంత్రం ఆయన రాగానే, "ఏరా అబ్బాయ్, ఇది గ్యాసు చెడగొట్టింది తనే అంటంది. నిజమేనా?" అని అడిగింది.

నేను ఆయన ముఖం వంక చూశాను. ఒక్కమాట చాలు. ఆవిడ ఆయన మాటైతే నమ్ముతుంది.

ఆయన కండువా తీసి కొక్కేనికి తగిలించారు. "నీ మనసు తేలిక చేద్దామని అంటందిలేమ్మా" అన్నారు.

అత్తయ్య కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నా కోడలు బంగారం అంది.

డిసెంబరు 15

వీధంతా చెప్పింది. నీళ్ళ దగ్గర ఇద్దరు నన్ను మెచ్చుకున్నారు. అత్త పాపం నెత్తిన వేసుకునే కోడలు ఈ రోజుల్లో ఎక్కడుంటుందన్నారు. బిందె సగమే నింపుకుని వచ్చేశాను.

డిసెంబరు 27

ఇంక నాలుగు పేజీలే ఉన్నాయి. గ్యాసు బాగా వస్తోంది. ఏడాదిలో కట్టె మూడు బళ్ళే వాడాం. కృపావతి గారు జనవరిలో మళ్ళీ నందిగామ వచ్చి మాట్లాడమంది. రానని చెప్పడానికి కారణం వెతుక్కుంటున్నాను.

బుల్లిబాబుకి రెండేళ్ళు నిండాయి. మాటలు ఒక్కొక్కటే వస్తున్నాయి. అమ్మ, అక్క, బువ్వ, బౌ. అత్తయ్య దగ్గరకి వెళ్ళినప్పుడల్లా ఆవిడ రెండడుగులు వెనక్కి జరిగి, "వద్దు నాన్నా, పొగ, పొగ" అని తన చీర చూపిస్తుంది. రోజుకి పదిసార్లు. చీర మీద ఏ వాసనా లేదు. నేను ముక్కు ఆనించి చూశాను, సబ్బు వాసనే.

ఈ రోజు పొద్దున ఆవిడ వసారా చివర స్తంభానికి ఆనుకుని కూర్చుంది. వాడు గడప పట్టుకుని నిలబడి, చెయ్యి చాచి, ముద్దుగా పిలిచాడు.

"పొగా!"

భారతి పకపకా నవ్వింది. నేను నవ్వలేకపోయాను. వాడు నాన్నమ్మ పేరు అదే అనుకున్నాడు. మళ్ళీ పిలిచాడు, ఇంకా గట్టిగా.

"ఆఁ, ఏం నాన్నా" అని పలికింది అత్తయ్య. ఉన్నచోటనుంచి కదల్లేదు.